మెట్ల మీద పాట

కుర్చీలు ఇంకాస్త మంట దగ్గరికి జరుపుకోండి. మీరు వచ్చి నాలుగు నెలలేగా, ఈ లెస్టర్ చలి ఎముకల్లోకి ఎలా దిగుతుందో మీకింకా పూర్తిగా తెలీదు. టీలో అల్లం కాస్త ఎక్కువే దంచి వేశాను. చల్లారిపోకముందే తాగండి.

ఇందాక లోపలికి వస్తూ అడిగావు కదమ్మా, ఆ హార్మోనియం మీద మా నాన్న ఫొటో పక్కన జుట్టు వెనక్కి ముడేసుకున్న తెల్లాయన ఎవరని. ఆయన జాన్ లార్డ్. డీప్ పర్పుల్ అనే రాక్ బృందంలో ఆర్గన్ వాయించేవాడు. 1941 జూన్ 9న ఈ ఊళ్లోనే పుట్టాడు. మా నాన్నేమో తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకు హార్మోనిస్టు. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఎరగరు. పక్కపక్కన పెట్టింది నేను. మా మనవడు ఈ ముచ్చట ముక్కలు ముక్కలుగా విన్నాడే గానీ మొదట్నుంచీ వాడికీ చెప్పలేదు. ఒరే, ఆ ఫోను పక్కన పెట్టు. తర్వాత దాంతో పనుంది.

ముందు నాన్న సంగతి చెప్పాలి. మా చిన్నతనంలో నాటకమంటే రాత్రి భోజనాలయ్యాక తెర లేస్తే తెల్లారి కోడి కూసేదాకా. స్టేజీకి ఒక పక్కన కాలితో తొక్కే పెద్ద హార్మోనియం, దాని ముందు నాన్న. ఆ పెట్టె వెనక చాప మీద నేను. కృష్ణుడు పద్యం ఎత్తుకునే ముందు నాన్న రెండు మెట్లు అలా ముట్టుకుని శ్రుతి అందించేవాడు. పద్యం నాలుగు పాదాలూ అయ్యాక ఆఖర్న రాగం తీస్తారు చూడండి, అసలు సంగతంతా అక్కడుంది. మాట అయిపోయింది, గొంతు మాత్రం ఇంకా పైకి పోతోంది. అది ఏ మలుపు తిరిగితే నాన్న వేళ్లు ఆ మలుపు తిరగాలి. ఒక్కోసారి నాన్నే ముందు వెళ్లి దారి చూపించేవాడు, పాడేవాళ్లు వెనక వచ్చేవాళ్లు. అది దిగేసరికి జనంలోంచి ‘వన్స్‌మోర్’ అని కేక. ఇంగ్లీషు ముక్క ఒక్కటీ రాని రైతులు అరిచేవాళ్లు ఆ మాట. మళ్లీ అదే పద్యం, ఈసారి ఇంకో రాగం.

మర్నాడు టీ కొట్టు దగ్గర వినాలి వాళ్ల మాటలు. పీసపాటి కృష్ణుడు గొప్పా, షణ్ముఖి కృష్ణుడు గొప్పా అని ఇంచుమించు కొట్టుకునేవాళ్లు. ఈలపాట రఘురామయ్యగారు నోట్లో వేలు పెట్టుకుని ఈలమీదే పద్యం పాడేస్తుంటే చూసినవాళ్లు, చూడనివాళ్లకు అది అభినయించి మరీ చెప్పేవాళ్లు. ఫలానా ఊళ్లో ఫలానా రాత్రి ఫలానా పద్యం ఎంతసేపు సాగిందో లెక్కలు. తర్వాత ఈ దేశంలో గిటారు గురించి, డ్రమ్ముల గురించి మగపిల్లలు అచ్చం అలాగే మాట్లాడుకుంటుంటే నాకు ఒక్కటీ కొత్తగా అనిపించలేదు.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఆ హార్మోనిస్టులు వాయించింది దాచిపెట్టినవాళ్లు తక్కువ. గమకం పలకదని, పరాయి వాయిద్యమని 1940 నుంచి ముప్పయ్యేళ్లపాటు మన దేశంలో రేడియో హార్మోనియాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. నాటకాలవాళ్లు స్వరాలు కాగితం మీద రాసుకునేవాళ్లు కారు. గురువు వాయిస్తే శిష్యుడు విని పట్టుకోవడమే. వినే చెవి ఉన్నంతకాలం బాణీ ఉంటుంది.

సరే, 1973లో నాకు పెళ్లయింది. మీ తాతయ్య డాక్టరు, అప్పటికే ఇక్కడ రెండేళ్లుగా ఉద్యోగం. డిసెంబరులో వచ్చాను. హైఫీల్డ్స్‌లో ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే ఇళ్ల వరసలో మేడమీద ఒక గది. మీటర్లో చిల్లర వేస్తే గ్యాసు వెలుగుతుంది, చిల్లర అయిపోతే చలి. ఆ శీతాకాలం దేశానికే కష్టకాలం. బొగ్గు చాలక, కరెంటు పొదుపు చెయ్యాలని రాత్రి పదిన్నరకల్లా టీవీ కట్టేయమన్నారు. కొత్త సంవత్సరం నుంచి ఫ్యాక్టరీలకు వారానికి మూడు రోజులే కరెంటు. మీ తాతయ్యకి నైట్ డ్యూటీలు. పదిన్నరకి వీధి మొత్తం మూగబోయేది. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, మాట్లాడటానికి నోరు రాదు. అమ్మకి ఉత్తరం రాస్తే జవాబు రావడానికి మూడు వారాలు.

కింద గదుల్లో కంపాలా నుంచి వచ్చిన గుజరాతీ కుటుంబం ఉండేది. 1972 ఆగస్టులో అక్కడి పాలకుడు ఈదీ అమీన్ తొంభై రోజుల్లో దేశం విడిచి పొమ్మంటే కట్టుబట్టలతో వచ్చినవాళ్లు. ఈ ఊరికి మాత్రం రావద్దు, ఇక్కడ చోటు లేదు అని అక్కడి పత్రికలో ప్రకటన కూడా వేశారు. అయినా వచ్చారు, వాళ్లలాంటివాళ్లు వేలమంది. ఇవాళ మనం పండక్కి చీరలు కొనుక్కునే బెల్‌గ్రేవ్ రోడ్డును నిలబెట్టింది వాళ్లే. ఆ ఇంటి పెద్దావిడని అందరూ ‘బా’ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. ఆవిడ నన్ను ‘దీక్రీ’ అనేది, కూతురా అని. కొడుక్కి పంతొమ్మిదేళ్లు, మేజోళ్ల ఫ్యాక్టరీలో పని. నన్ను ‘భాభీ’ అన్నాడు, నేను వాణ్ని తమ్ముడనుకున్నాను. ఇప్పటికీ అంతే.

వాడు కంపాలాలో వదిలేసి వచ్చినవాటిలో ఒక పెట్టెడు గ్రామఫోను రికార్డులున్నాయి. ఇల్లు పోయిందనేవాడు కాదు, బా ముందు ఆ మాట ఎత్తకూడదు. రికార్డులు పోయాయనేవాడు. ఇక్కడికొచ్చిన మొదటి వారమే ఒక స్కూలు నోటుబుక్కు కొని, పెట్టెలో ఏ వరసలో ఏముండేదో అన్నీ గుర్తుచేసుకుని రాసుకున్నాడు. అరవైమూడు రికార్డులు. జీతం వచ్చిన శనివారం లెస్టర్ మార్కెట్లో పాత సామాన్ల బల్లల దగ్గర వెతికి ఒకటో రెండో కొనడం, ఇంటికొచ్చి నోటుబుక్కులో ఆ పేరు మీద టిక్కు పెట్టడం. అరవైరెండు పేర్లున్నాయి గానీ అరవైమూడోదానికి పేరు లేదు. ఆ రికార్డు అట్ట ఎప్పుడో చిరిగిపోయింది, పాడిందెవరో తెలీదు. పాట మాత్రం వాడి గొంతులో ఉంది. అక్కడ ‘పేరు లేదు’ అని రాసుకున్నాడు.

నేను వచ్చిన రెండో వారమో మూడో వారమో. టీవీ ఆగిపోయింది. కింద రికార్డు పెట్టారు. చాలా మెల్లగా మొదలైంది. నేను దుప్పట్లోంచి లేచి కూర్చున్నాను. హార్మోనియం! ఎవరో కూర్చుని, తొందరేమీ లేకుండా, నాటకం మొదలయ్యే ముందు మా నాన్న చూసుకున్నట్టు ఒక్కో మెట్టూ తడిమి చూస్తున్నారు. నాకు ఒళ్లు జలదరించింది. చెప్పుల్లేకుండా తలుపు తీసుకుని మెట్లు సగం దిగి అక్కడే కూర్చుండిపోయాను. గొంతు కలిసింది. కాసేపటికి ఆ పాడేవాడు మాటలు వదిలేశాడు. ఉత్త అచ్చుల మీద, పైకి, ఇంకా పైకి. వెనక ఆ వాయిద్యం వదలకుండా వెంట పోతోంది. నాలుగో పాదం అయిపోయాక తీసే రాగం! నాకు తెలిసిన ప్రపంచం మొత్తం ఎవరో ఆ మెట్ల మీదికి తెచ్చి పెట్టినట్టుంది. తర్వాత డ్రమ్ములూ గిటారూ ఒక్కసారి విరుచుకుపడ్డాయి, నేను భయపడలేదు. కురుక్షేత్రం సీను అలాగే ఉంటుంది.

పది నిమిషాల పైనే ఉంటుందది. అయ్యేసరికి నా మొహం తడిసిపోయి ఉంది. బా బయటికొచ్చి చూసి, ఇంటి దగ్గర్నుంచి చెడ్డ కబురేదో వచ్చిందనుకుంది. ఏమీ అడక్కుండా వచ్చి కింద మెట్టు మీద కూర్చుని తన శాలువా నా కాళ్ల మీద కప్పింది. వాడు గుమ్మంలో నిలబడి ‘సౌండ్ ఎక్కువైందా భాభీ’ అన్నాడు. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని అన్నాను, వన్స్‌మోర్ అని.

అది ‘చైల్డ్ ఇన్ టైమ్’, 1970లో వచ్చిన ‘డీప్ పర్పుల్ ఇన్ రాక్’ అనే రికార్డులోది. ఆ మొదటి ఆర్గన్ వరస వాళ్ల సొంతం కాదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. శాన్‌ఫ్రాన్సిస్కో బృందం ఒకటి ‘బాంబే కాలింగ్’ అని వాయిద్యాల పాట చేసింది, అక్కడ వయొలిన్ మీద పలికిన వరసని వీళ్లు తీసుకుని నిదానం చేసి తమదిగా మలుచుకున్నారు. పాడిన ఇయాన్ గిల్లన్ ఆ సంగతి దాచలేదు. తప్పేముంది? మన నాటకాల బాణీలూ అలా ఒకరి చెవిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లినవే.

ఆ రాత్రి నుంచి శనివారాలు పాటలకే. మూడిళ్ల అవతల ఒక పోస్ట్‌మ్యాన్ ఉండేవాడు, అతనూ చేరాడు. నన్ను మొదటిరోజే ‘మి డక్’ అన్నాడు. బాతు అంటాడేమిటని బెంగపడితే బా చెప్పింది, ఈ ఊళ్లో ప్రేమగా అలాగే పిలుస్తారని. వచ్చినవాళ్లు తలా ఒక పాట తేవాలి. అది ఎవరు వినిపిస్తే మొదట విన్నారో చెప్పాలి. పాట నడుస్తున్నంతసేపూ నోరు విప్పకూడదు. ఈ మూడో నియమం పెట్టింది నేనే, నాన్న దగ్గర నేర్చుకున్నది.

పోస్ట్‌మ్యాన్‌ది ఒకటే దేవుడు, ‘ఫ్యామిలీ’ అనే బృందం. 1966లో ఇక్కడే పుట్టిన బృందం, రోజర్ చాప్‌మన్ అనే ఆయన పాడేవాడు. గొంతంతా వణుకు. మేక అరుపులాగుందని బా మొహం చిట్లించేది. నాకు మాత్రం ఆ వణుకులో శ్రుతి ఎక్కడా తప్పడం లేదని తెలిసేది. 1969 జూలైలో లండన్ హైడ్ పార్కులో రోలింగ్ స్టోన్స్ ఉచితంగా పాడిన రోజు వీళ్లూ ఆ వేదిక మీద ఉన్నారు. సరిగ్గా నేను రావడానికి రెండు నెలల ముందు, 1973 అక్టోబరు 13న, బృందం విడిపోయింది. ఆఖరి కచేరీ ఈ ఊరి పాలిటెక్నిక్‌లోనే. అదే ఇప్పుడు మీరు చదువుకుంటున్న డి మాంట్‌ఫర్ట్ యూనివర్సిటీ. ఈసారి ఆ హాథార్న్ భవనం ముందు నుంచి పోయేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి. ఆ రాత్రి గురించి చెబుతూ పోస్ట్‌మ్యాన్ చాలా శనివారాలు గొంతు పట్టేసి ఆగిపోయేవాడు. చెల్లెలికి పెళ్లి చేసి పంపించిన అన్నలా ఉండేవాడు.

బా పాట వేరు. ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ పాడిన ‘రిలీజ్ మి’. ఆయన లెస్టర్‌లో పెరిగినా పుట్టింది 1936లో మద్రాసులో. ఆ మాట పోస్ట్‌మ్యాన్ చెప్పినప్పుడు నేను కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడ్డాను, మేనమామ వరసవాడెవరో దొరికినట్టు. 1967లో ఆ పాట ఆరు వారాలు మొదటి స్థానంలో ఉంటే బీటిల్స్ పాట రెండో స్థానంలో ఆగిపోయింది. అదే ఏడు ఏప్రిల్‌లో డి మాంట్‌ఫర్ట్ హాల్లో ఆయనా, జిమీ హెండ్రిక్సూ ఒకే సాయంత్రం ఒకే వేదికెక్కారు. పోస్ట్‌మ్యాన్ ఆ సాయంత్రం ఉన్నాడు. హెండ్రిక్స్ గిటారు గురించి అడిగితే చేతులతో చూపించేవాడు గానీ మాటల్లో చెప్పలేకపోయేవాడు. రఘురామయ్యగారి ఈల గురించి మావాళ్లూ అంతేగా.

కొన్నాళ్లకు క్వీన్ అనే బృందం వచ్చింది. అందులో బేస్ గిటారు వాయించే జాన్ డీకన్ ఇక్కడే పుట్టి ఓడ్‌బీలో పెరిగిన పిల్లాడు, పదమూడు పద్నాలుగేళ్లకే స్కూలు స్నేహితులతో బృందం కట్టినవాడు. ఎవరో చెత్త తొట్టెలో పారేసిన సర్క్యూటు ఏరుకొచ్చి బుల్లి యాంప్లిఫయరు చేస్తే, దాంతో క్వీన్ రికార్డుల్లో గిటారు పలికించారు. తమ్ముడికి ఆ కథ ప్రాణం. పాడే ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరోఖ్ బల్సారా అని, పార్సీ అని, జాంజిబార్‌లో పుట్టి మన పంచగనిలో చదివాడని, జాంజిబార్‌లో విప్లవం వచ్చాక 1964లో కుటుంబంతో ఇక్కడికొచ్చాడని చాలా తర్వాత తెలిసింది. ఆ రోజు బా చాలాసేపు మాట్లాడలేదు. ఆఫ్రికా నుంచి చేతులూపుకుంటూ వచ్చిన ఇంకో తల్లి కొడుకు కదా. లేచి లడ్డూలు చేసింది.

నా వంతు వచ్చినప్పుడు నా దగ్గర రికార్డు లేదు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యం ఎత్తుకున్నాను. ఆ సీన్లో జాషువాగారి పద్యాలు పాడటం మామూలు. భాష ఒక్కరికీ తెలీదు. శ్మశానం, రాజు, కాపలా, ఇంతే చెప్పాను. హార్మోనియం లేకుండా పాడటం అదే మొదలు. రాగం తీసి ఆగాక పోస్ట్‌మ్యాన్ మెల్లగా అడిగాడు, మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకున్నావని. సంగీతం తెలిసినవాడే అడిగే ప్రశ్న అది. తమ్ముడు నోటుబుక్కు తెరిచి చివర అరవైనాలుగు అంకె వేశాడు, ‘భాభీ నాన్నగారి బాణీ’ అని రాసుకున్నాడు.

ఇవన్నీ నాన్నకి రాసేదాన్ని. ఇక్కడ ఒక హార్మోనిస్టు ఉన్నాడు నాన్నా, నిలబడి వాయిస్తాడు, పెట్టెని అటూ ఇటూ ఊపుతాడు, పులి గర్జించినట్టు పలికిస్తాడు అని. నాన్న జవాబు ఇప్పటికీ దాచాను. మెచ్చుకోలు తర్వాత, ముందు ప్రశ్నలు. తిత్తి ఎవరు కొడతారు? ఎన్ని మెట్లు? గాలి లేకుండా నాదం ఎక్కడిది?

నాకు తెలీదు. తమ్ముడు లైబ్రరీలో చదివొచ్చి చెబితే మూడు పేజీలు రాశాను. దాన్ని హామండ్ ఆర్గన్ అంటారు, 1935లో అమెరికాలో అమ్మకానికొచ్చింది. గొట్టాల ఆర్గన్ కొనలేని చర్చిల కోసం చేశారు. లోపల పళ్లున్న చక్రాలు తొంభైఒకటి, మోటారుతో తిరుగుతూ ఉంటాయి. ఒక్కో చక్రం పక్కన ఒక అయస్కాంతం. పళ్లు దాని ముందు నుంచి పోతుంటే సన్నని కరెంటు అల పుడుతుంది, దాన్ని పెద్దది చేస్తే నాదం. జాన్ లార్డ్ చేసిందేమిటంటే, రిచీ బ్లాక్‌మోర్ గిటారు హోరుకి సరితూగాలని ఆ చర్చి వాయిద్యాన్ని గిటారు యాంప్లిఫయర్ల గుండా పంపాడు. దాంతో నాదం చిరిగి, గరగరలాడి, పులి అయింది. ‘స్మోక్ ఆన్ ద వాటర్’లో గిటారు వెనక కలిసి వచ్చే ఆ బరువు అదే. 1972లో జపాన్ కచేరీల రికార్డు వింటే ఆర్గనూ గిటారూ ప్రశ్నా జవాబూ వేసుకోవడం తెలుస్తుంది. ఒక పాటైతే రికార్డు ఒక పక్కంతా, ఇరవై నిమిషాలు. ఇంకోటి కూడా రాశాను నాన్నకి, నాన్న మురిసిపోయింది దానికే. ఈ కుర్రాడు ఊరొదిలి లండన్ వెళ్లింది సంగీతానికి కాదు నాన్నా, నాటకాల్లో వేషాలు నేర్చుకోవడానికి అని.

1981లో నాన్న పోయాడు. అందలేకపోయాను. మూడేళ్లకు నాన్న చేతిపెట్టె ఇక్కడికి తెప్పించుకున్నాను, ఇదిగో ఇదే. కాలిపెట్టె తేవడం కుదర్లేదు. దార్లో ఎక్కడో పడేసినట్టున్నారు, ఒక మెట్టు పలకడం మానేసింది. ఎన్నిసార్లు బాగుచేయించినా నెల్లాళ్లే.

లెక్కకి కూర్చుంటే నా దగ్గరున్నది ఏమిటి? నాన్న వాయించిన రికార్డు ఒక్కటీ లేదు. నా చెవిలో ఉన్నదే. దాని మీద నాకు చాలా ఏళ్లు నమ్మకం కుదర్లేదు. తప్పు గుర్తుంటేనో, నేనే ఏదో కలిపేస్తేనో అని భయం. ఆ భయం తీర్చింది కూడా జాన్ లార్డే. 1969 సెప్టెంబరు 24న ఆయన లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో, రాక్ బృందమూ పెద్ద ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన ఒకటి చేశాడు. ఆర్కెస్ట్రా నడిపింది మాల్కమ్ ఆర్నల్డ్. మరుసటేడు ఆ స్వరాల ప్రతి పోయింది. మళ్లీ దొరకలేదు. పాతికేళ్లు దాటాక మార్కో డి గోయ్ అనే డచ్చి సంగీతకారుడు, ఆయన అభిమాని, రికార్డు పదేపదే వింటూ, కచేరీ వీడియో చూస్తూ, ఎనభైమందికి పైగా వాయించేదాన్ని ఒక్కో వాయిద్యం విడదీసి మళ్లీ రాశాడు. జాన్ లార్డ్ తానూ కూర్చుని సరిదిద్దాడు. 1999 సెప్టెంబరులో అదే హాల్లో మళ్లీ వాయించారు.

తమ్ముడు ఆ వార్త పట్టుకుని పరుగున వచ్చాడు. అప్పటికి వాడికి నలభై అయిదేళ్లు, సొంత కొట్టు, అరవైరెండు టిక్కులూ పూర్తయ్యాయి. నేను కళ్లు తుడుచుకుంటుంటే వాడన్నాడు, వినే చెవి చాలు భాభీ అని.

2011లో లెస్టర్ విశ్వవిద్యాలయం జాన్ లార్డ్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మరుసటేడు జూలై 16న ఆయన పోయాడు, డెబ్బైఒక్కేళ్లు. ఆ సాయంత్రం ఎవరూ ఎవరికీ ఫోన్ చేయలేదు. తమ్ముడు రికార్డుతో వచ్చాడు, పోస్ట్‌మ్యాన్ చేతికర్రతో వచ్చాడు. బా అప్పటికే లేదు, ఆవిడ శాలువా కుర్చీ మీద వేశాం. మీ తాతయ్య దీపం వెలిగించాడు. పాట అయ్యాక మూడో నియమం మూడు నిమిషాలు ఎక్కువసేపు నడిచింది. ఆ తర్వాతే పేపర్లో వచ్చిన ఆ ఫొటో కత్తిరించి ఫ్రేము కట్టించాను.

పేరులేని పాట సంగతా? ఇప్పటికీ దొరకలేదమ్మా. మా మనవడు తమ్ముణ్ని కూర్చోబెట్టి కూనిరాగం తీయించి ఫోనుకి వినిపించాడు, ఫోనుకీ తెలీలేదు. కానీ మా ఇంట్లో పసిపిల్లలకి కూడా వచ్చది. వాడు పాడితే మేం పట్టుకున్నాం.

టీలు అయ్యాయా? ఒరే, ఇప్పుడా ఫోను తీసి ఆ బల్ల మీద పెట్టు, దగ్గరగా. నాన్న కాటిసీను బాణీ వాయిస్తాను. నువ్వు నా పక్కన కూర్చుని తిత్తి కొట్టు, నా మోచెయ్యి ఎక్కువసేపు ఆగదు. గట్టిగా కాదు, ఊపిరి పీల్చి వదిలినట్టు. రెండో పాదం చివర పైషడ్జం దగ్గర ఈ మెట్టు పలకదు. అక్కడ ఆగకు, తిత్తి అలా నడుస్తూనే ఉండాలి. ఆ ఒక్క స్వరం నేను నోటితో అంటాను.